కవా ఇజెన్ ఆమ్ల సరస్సు: వెళ్లి చూసిన అనుభవం

ఇండోనేషియాలోని కవా ఇజెన్ సరస్సు గురించి రాస్తూ మీరు, చల్లారని అగ్నిపర్వతం నోట్లో నీళ్లు ఎలా నిలుస్తాయి, అవి నిజంగా ఆమ్లమేనా, అరవై దాటిన మీ నాన్నగారినీ పన్నెండేళ్ల అమ్మాయినీ తీసుకుని వెళ్లవచ్చా అని అడిగారు. మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. నాన్నగారికి గుండె, ఊపిరితిత్తులు బాగుంటే ముగ్గురూ బిలం, అంటే ఆ అగ్నిపర్వతపు నోటి అంచు దాకా నడవండి. అక్కడి నుంచి లోపలికి, సరస్సు ఒడ్డుకు మాత్రం వాళ్లిద్దరినీ దింపకండి. ఎందుకో తెలియాలంటే అక్కడ ఏమి చూశానో చెప్పాలి.

నేను ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతాను. 2019 ఆగస్టులో మా తమ్ముడితో కలిసి బాలి వెళ్లినప్పుడు, అక్కడి నుంచి ఒక రాత్రి ప్రయాణంగా కవా ఇజెన్‌కు వెళ్లాం. ఇండోనేషియాలోని జావా దీవికి తూర్పు కొసన ఉందది. కవా అంటే వాళ్ల భాషలో బిలం. బాలి పడమటి తీరంలోని గిలిమనుక్ రేవు నుంచి పెద్ద పడవలో జలసంధి దాటితే దాదాపు గంటలో జావా. పడవ దిగేసరికి గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి. మేము దిగిన బాన్యూవాంగి పట్టణం పేరుకు అర్థం సువాసన నీళ్లు. అదే కొండ మీది సరస్సు నుంచి బయటికి వచ్చే ఏటి పేరు బాన్యూ పహిత్, అంటే చేదు నీళ్లు.

పాల్తుడింగ్ అనే చోట బండి ఆగుతుంది. అదే దాదాపు 1,850 మీటర్ల ఎత్తు. రాత్రి ఒంటిగంటకు ద్వారం తెరిచారు. చలి ఎముకలు కొరికింది. బాలి సముద్ర తీరం కదా అని పలచటి బట్టలతో వచ్చినవాళ్లు వణుకుతూ అక్కడే స్వెట్టర్లు అద్దెకు తీసుకున్నారు. దారి మూడు కిలోమీటర్లు. మొదటి రెండు నిటారుగా ఉంటాయి, ఆ తర్వాత తేలిక. కాలి కింద దుమ్ము, జారే గులకరాళ్లు.

అంచుకు ఇంకా అరగంట దూరం ఉండగానే వాసన తగిలింది. దాన్ని నేను మా ఊళ్లోనే గుర్తుపట్టాను అనాలి. మా చిన్నప్పుడు దీపావళికి పది రోజుల ముందు నుంచే పెదనాన్న, నాన్న వసారాలో కూర్చుని సూరేకారం, గంధకం, బొగ్గు, ఇనుప రజను తూచి, జల్లించి, మతాబులూ చిచ్చుబుడ్లూ కూరేవాళ్లు. గంధకం పసుపు పొడి మా చేతికి అందకుండా అటక మీద పెట్టేవాళ్లు. మరునాడు ఉదయం వీధంతా నిలిచిపోయే ఆ ఘాటు మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ కొండ మీద రాత్రి రెండున్నరకు తగిలింది ఆ ఘాటే. తమ్ముడు ఆగి, "అక్కా, దీపావళి" అన్నాడు. అక్కడి రంగు, మంట, పొగ, మనుషుల బతుకు అన్నీ ఆ గంధకమే. ఆ ఒక్క పదార్థాన్ని పట్టుకుంటే ఇజెన్ మొత్తం అర్థమవుతుంది.

అంచు మీద ఒక పలక ఉంది. దాని మీద పెద్ద అక్షరాలతో "బహాయ" అని రాసి ఉంది. అపాయం అని అర్థం. మన "భయ" శబ్దమే సంస్కృతం నుంచి వాళ్ల భాషలోకి వెళ్లి అలా మారింది. నిఘంటువు అవసరం లేకుండా నాకు అర్థమైన మొదటి ఇండోనేషియా మాట అది. దాన్ని దాటే లోపలికి దిగాం. లోపలి దారి దాదాపు ముప్పావు కిలోమీటరు ఉంటుంది. దారి అనడానికి కూడా లేదు, రాతి ముక్కల మీద పట్టుకుంటూ దిగాలి. సరిగ్గా ఆ దారినే గంధకం మోసే కూలీలు ఎక్కి వస్తుంటారు.

వాళ్లు మోసేది కావడి. వేరే మాట అక్కర్లేదు. వెదురు బద్దకు రెండు వైపులా రెండు బుట్టలు, వాటి నిండా పసుపు పచ్చని గంధకం పెళ్లలు. బరువు 70 నుంచి 90 కిలోలు. ఆ బరువుతో ఆ రాళ్ల మీద, పొగలో, తలకు కట్టుకున్న దీపం వెలుగులో, చాలామంది రబ్బరు బూట్లతోనే ఎక్కుతారు. బద్ద ఊగుతున్నప్పుడు కిర్రుకిర్రుమనే చప్పుడు ముందు వినిపిస్తుంది, తర్వాత మనిషి కనిపిస్తాడు. మా వెంట వచ్చిన దారి చూపే ఆయన మొదటే చెప్పాడు: ఆ చప్పుడు వినగానే పక్కకు తప్పుకోవాలి, వాళ్లు ఆగితే మళ్లీ లయ అందుకోవడం కష్టం అని. అయినా మా ముందు వెళ్తున్న కొందరు దారి మధ్యలో నిలబడి ఫొటోలు తీసుకుంటూ ఒక పెద్దాయనను ఆపేశారు. ఆయన ఏమీ అనలేదు. బరువు దించలేక, నిలబడలేక, మోకాళ్లు వణుకుతుండగా అలాగే ఉండిపోయాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇక నీలి మంట సంగతి. బొమ్మల్లో చూసి చాలామంది దాన్ని నీలం రంగు లావా అనుకుంటారు. లావా కాదది. బిలం లోపలి పగుళ్ల నుంచి గంధకపు వాయువులు తన్నుకుని వస్తాయి. వాటి వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాకా ఉండవచ్చు. అంత వేడి మీద బయటి గాలి తగలగానే అవి అంటుకుంటాయి. గంధకం మంట రంగే నీలం. ప్రయోగశాలలో చెంచాడు గంధకం వెలిగించి పిల్లలకు ఏటా చూపించేదాన్ని, అరచేతిలో పట్టేంత మంట. అక్కడ అది మనిషి ఎత్తు దాటి లేస్తోంది, ఒక్కోసారి అయిదు మీటర్ల దాకా లేస్తుందట. కొంత వాయువు చల్లబడి ద్రవంగా మారి, మండుతూ వాలు వెంట పారుతుంది. దూరం నుంచి చూసి లావా అని పొరబడేది దాన్నే. పగలు కూడా ఆ మంట ఉంటుంది కానీ ఎండలో కనిపించదు. అందుకే అందరూ అర్ధరాత్రి నడుస్తారు.

మేము ఆ మంటకు ముప్పై అడుగుల దూరంలో ఉండగా గాలి తిరిగింది.

అంతసేపూ సరస్సు వైపు పోతున్న తెల్లటి పొగ ఒక్కసారిగా మా మీదికి వచ్చింది. మమ్మల్ని తీసుకువచ్చిన ప్రయాణ సంస్థవాళ్లు "ముసుగులు మేమే ఇస్తాం" అన్నారు, ఇచ్చారు కూడా. అయితే అవి దుమ్మును ఆపే గుడ్డ ముసుగులు, వాయువును ఆపేవి కావు. ఆ తేడా బయలుదేరే ముందు నేనే చూసి ఉండవలసింది. ఆ పొగలో ఉండేది సల్ఫర్ డయాక్సైడ్ అనే గంధకపు వాయువు. తడి తగిలితే ఆమ్లమవుతుంది. కంట్లో తడి ఉంది, గొంతులో ఉంది, ఊపిరితిత్తుల్లో ఉంది. పాఠంగా ఎన్నోసార్లు చెప్పిన ఆ వాక్యం ఆ క్షణంలో నా గొంతులో జరిగింది. కళ్లు తెరవలేను, ఊపిరి తీస్తే దగ్గు, దగ్గితే మళ్లీ ఊపిరి తీయాలి. మా తమ్ముడికి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. వాడి దగ్గు వినిపిస్తోంది, మనిషి కనబడడం లేదు. ఎవరో నా మణికట్టు పట్టుకుని లాగారు. ఒక కూలీ ఆయన. మమ్మల్నిద్దరినీ ఒక పెద్ద బండరాయి వెనక కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్లతో మా కండువాలు తడిపి ముక్కుకు, నోటికి అదిమిపెట్టమని సైగ చేశాడు. రెండు మూడు నిమిషాలే అయి ఉంటుంది. గాలి మళ్లీ తిరిగింది. ఆయన లేచి తన గునపం తీసుకుని పనిలోకి వెళ్లిపోయాడు. ఆయన నోట్లోనూ ఒక తడి గుడ్డే ఉంది, అంతకు మించి రక్షణ లేదు.

తమ్ముడికి ఆ తర్వాత రెండు రోజులు ఛాతీ పట్టేసినట్టు ఉంది. లోపలికి దింపకండి అని మొదట్లోనే అన్నది అందుకే. ఉబ్బసం ఉన్నవారు, చిన్నపిల్లలు, గుండె జబ్బు ఉన్నవారు అంచు మీదే ఆగాలి. అంచు మీద కూడా గాలి తమ వైపు ఉంటే వెనక్కి రావాలి.

తెల్లవారుతుండగా సరస్సు కనిపించింది. అంతవరకూ ఎదుట ఉన్నది చీకటి అనుకున్నాను, చీకటి మెల్లగా పచ్చబడింది. నెమలి కంఠానికీ లేత పచ్చకూ మధ్య రంగు. పాలు కలిపినట్టు మసకగా, ఒక్క అల లేకుండా, పైన ఆవిరి తేలుతూ. సరస్సు దాదాపు కిలోమీటరు పొడవు, అర కిలోమీటరుకు మించిన వెడల్పు, లోతు దాదాపు 200 మీటర్లు. మొత్తం సుమారు 3 కోట్ల ఘనపు మీటర్లు. మనం జలాశయాల వార్తల్లో రోజూ చదివే లెక్కలో చెప్పాలంటే ఒక టీఎంసీకి కాస్త ఎక్కువ. ఒక టీఎంసీ ఆమ్లం! ఆమ్లతను కొలిచే పీహెచ్ అంకె 0.5 కంటే తక్కువ. నిమ్మరసం పీహెచ్ సుమారు 2 ఉంటుంది. ఒక్కో అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరుగుతుంది కాబట్టి, ఆ నీళ్లు నిమ్మరసం కంటే ముప్పై రెట్లకు పైగా పులుపు. కారు బ్యాటరీలో పోసే ద్రావణంతో పోల్చవచ్చు. గంధకామ్లంతో పాటు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా ఉంటుంది. రాళ్ల నుంచి కరిగిన అల్యూమినియం, ఇనుము వంటి లోహాలు ఉంటాయి. ప్రపంచంలో ఇంత పెద్ద తీవ్ర ఆమ్ల సరస్సు మరొకటి లేదు. ఆ రంగుకు కారణం నీళ్లలో తేలే గంధకపు సన్నటి కణాలు వెలుగును చెదరగొట్టడం, కరిగిన లోహాలు. అంటే మనల్ని కట్టిపడేసే ఆ రంగు, దగ్గరికి రావద్దని చెప్పే విషం ఒకటే.

మరి నీళ్లు ఎలా నిలుస్తాయి? మీ మొదటి ప్రశ్న ఇదే. బాగా కాగిన పెనం మీద నీళ్లు చల్లితే ఎగిరిపోతాయి, నిజమే. అక్కడ మాత్రం మాగ్మా, అంటే భూమి లోపలి కరిగిన రాయి, సరస్సు అడుగున కాక ఇంకా లోతున ఉంటుంది. దాని నుంచి పైకి వచ్చేవి వాయువులు, వేడి. ఆ వాయువులు నీటిలో కరిగి ఆమ్లమవుతాయి, వేడి నీటిని వెచ్చబరుస్తుంది. ఇజెన్ నీళ్లు మామూలుగా 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటాయి, స్నానానికి కాచుకునే నీళ్లంత. ఇంకోవైపు జావా వర్షాకాలం బిలాన్ని నింపుతూ ఉంటుంది. ఆమ్లం నానబెట్టిన రాయి బంకమట్టిలా మారి అడుగును కొంతవరకు మూసివేస్తుంది. వచ్చే వాన, పోయే ఆవిరి, ఊరి కారిపోయే నీరు ఈ మూడూ సరిపోయినంతకాలం సరస్సు ఉంటుంది. వేడి బాగా పెరిగితే ఎండిపోతుంది, తగ్గితే మామూలు చల్లని చెరువవుతుంది. చురుకైన బిలంలో సరస్సు అంటే ఆ తూకం తప్పకుండా ఉన్నంతసేపు అని అర్థం.

తూకం తప్పిన సంగతులూ ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌లో తాల్ అగ్నిపర్వతం బిలంలోని సరస్సు 2020 జనవరి పేలుడుతో మాయమైంది. అదే తూర్పు జావాలో కెలూద్ అనే అగ్నిపర్వతం 1919 మేలో పేలినప్పుడు బిలంలోని సరస్సు నీళ్లన్నీ బూడిదతో కలిసి బురద వరదలై ఊళ్ల మీద పడ్డాయి. అయిదు వేల మందికి పైగా చనిపోయారు. లావా కాదు, నీళ్లు చంపాయి. ఆ తర్వాత అప్పటి డచ్చి పాలకులు సొరంగాలు తవ్వి అక్కడి సరస్సు మట్టాన్ని దించారు. ఇజెన్‌లో కూడా 1921లో సరస్సు పడమటి అంచున నీటి మట్టాన్ని అదుపు చేసే కట్ట కట్టారు. ఇజెన్ పెద్దగా పేలింది 1817లో. ఆ తర్వాత చిన్న ఆవిరి పేలుళ్లు ఎన్నో జరిగాయి. 2018 మార్చిలో ఒక రాత్రి బిలం నుంచి వాయువు ఉబికి వచ్చి పక్కనున్న బొండొవోసో జిల్లా వైపు గ్రామాల్లో దాదాపు 30 మంది ఆసుపత్రి పాలయ్యారు. మేము వెళ్లింది అది జరిగిన ఏడాదిన్నరకు.

పొగలోంచి మమ్మల్ని లాగిన కూలీని మళ్లీ వెతికి పట్టుకున్నాం. దారి చూపే ఆయన మధ్యలో ఉండి మాట్లాడించాడు. అక్కడ పెద్దవాళ్లను "పాక్" అని పిలుస్తారు, మన "అయ్యా" లాంటి మాట. పాక్ మాకు తన పనిచోటు చూపించాడు. పగుళ్ల మీద పెద్ద గొట్టాలు అమర్చి ఉంటాయి. వాయువు ఆ గొట్టాల్లో చల్లబడి ఎర్రటి ద్రవంగా కారుతుంది. కింద గడ్డకట్టేసరికి నారింజ, ఆపైన పసుపు. గంధకం 115 డిగ్రీల దగ్గర కరుగుతుందని, ఇంకా కాచితే ఎర్రబడుతుందని పరీక్షనాళికలో పట్టుకుని చూపిస్తాం మేము. ఆయనకు ఆ పాఠం రంగుల్లో తెలుసు. ఎరుపుంటే ముట్టడు, పసుపు కాగానే గునపంతో పెళ్లగిస్తాడు. కిలోకు వెయ్యి రూపియాల పైచిలుకు ఇస్తారని చెప్పాడు. మన డబ్బులో అయిదారు రూపాయలు. రోజుకు రెండు కావళ్లు. చొక్కా పక్కకు తప్పించి భుజం చూపించాడు, బద్ద ఆనే చోట కండ ఉబ్బి గట్టిపడి ఉంది. ఇప్పుడు అంచు నుంచి కిందికి తోపుడు బళ్లు వచ్చాయి కాబట్టి కొంత నయం. బిలం లోపలి నుంచి అంచు దాకా మాత్రం భుజమే.

ఆ గంధకం ఎక్కడికి పోతుందని అడిగాను. ఎక్కువగా చక్కెర కర్మాగారాలకు అన్నాడు. మన దేశంలో కూడా తెల్ల చక్కెర తీసే చాలా కర్మాగారాల్లో చెరకు రసానికి గంధకం పొగ పట్టించి రంగు తీస్తారు. అగ్గిపుల్లలకు, రబ్బరుకు కూడా అదే కావాలి. మా బడిలో ఈ పాఠం చెప్పేటప్పుడు గంధకం ఉపయోగాల దగ్గర ఇప్పుడు నేను కాసేపు ఆగుతాను. ఆ భుజం సంగతి చెప్పి ముందుకు వెళ్తాను.

చేదు నీళ్ల ఏటి గురించి ఇంకొంచెం చెప్పకపోతే మనసొప్పదు. సరస్సు నుంచి ఊరే నీరు ఇతర ఏళ్లతో కలిసి ఉత్తరాన అసెంబగుస్ అనే తీర మైదానానికి చేరుతుంది. అక్కడ పొలాలకు ఆ నీళ్లే పారుతాయి. ఆమ్లంతో పాటు ఫ్లోరైడ్ కూడా వస్తుంది. అక్కడి బావుల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, మనుషుల పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు. తెలుగువారికి ఈ మాట వివరించాల్సిన పని లేదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్‌ను గుర్తించారు. నల్లగొండ పేరు మీద ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి ఉంది, పటిక, సున్నం కలిపి తేర్చడం. మన దగ్గర గ్రానైట్ రాయి నుంచి దిగింది, వాళ్లకు అగ్నిపర్వతం నుంచి దిగింది. ఇజెన్ గురించి బొమ్మలు పెట్టే వందలమందిలో కొండ కింద ఆ ఊళ్ల మాట ఎత్తినవారు నాకు ఒక్కరూ కనిపించలేదు.

ఇలాంటి సరస్సును మన దేశంలో చూసే వీలుందా అని కూడా మీరు అడిగారు. లేదు. మహారాష్ట్రలోని లోణార్ సరస్సు అందమైనదే, కానీ అది ఉల్క పడి ఏర్పడిన గుంట, అగ్నిపర్వతం కాదు. అండమాన్‌లోని బ్యారెన్ దీవి చురుకైన అగ్నిపర్వతమే, కానీ అక్కడ సరస్సు లేదు, దీవి మీదికి దిగనివ్వరు కూడా.

వెళ్లేట్టయితే అక్కడ వానలు తక్కువగా ఉండే జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లండి. వానలో ఆ దారి జారుతుంది. ఇజెన్‌కు 2023లో భూగర్భ విశేషాలున్న చోట్లకు ఇచ్చే యునెస్కో జియోపార్క్ గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, నియమాలూ పెరిగాయి. వైద్యుడి ఆరోగ్య పత్రం ఇప్పుడు అడుగుతున్నారు. వాయువు ఎక్కువైన రోజుల్లో బిలం లోపలికి వెళ్లనివ్వరు. ఎవరైనా డబ్బు తీసుకుని వేరే దారిలో దింపుతామంటే ఒప్పుకోకండి. వాయువును ఆపే వడపోత డబ్బాలున్న ముసుగు అడిగి, ముఖానికి పెట్టుకుని, అంచుల్లో గాలి దూరడం లేదని చూసుకున్నాకే బయలుదేరండి. కళ్లద్దాలు, తడపడానికి ఒక గుడ్డ, మంచినీళ్లు వెంట ఉంచుకోండి. 2024 ఏప్రిల్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు ఫొటో కోసం వెనక్కి నడుస్తూ అంచు మీద నుంచి పడి చనిపోయింది. అంచుకు చాలాచోట్ల కంచె లేదు.

నాన్నగారు నడవలేకపోతే తోపుడు బండి మీద కూర్చోబెట్టి పైదాకా తీసుకువెళ్తారు. బళ్లు తోసేవాళ్లలో చాలామంది ఒకప్పటి గంధకం కూలీలే, ఆ డబ్బు వాళ్లకు కావడి కంటే మేలు. బేరం ఆడకండి. నీలి మంట కోసం అర్ధరాత్రి హడావిడి మీకు అవసరం లేదు. తెల్లవారుజామున మూడు దాటాక నిదానంగా బయలుదేరితే తెల్లవారే వేళకు అంచు మీద ఉంటారు. చీకటి పచ్చబడే ఆ పది నిమిషాలు అమ్మాయికి చూపించండి. దిగేటప్పుడు కిర్రుమనే చప్పుడు వినిపిస్తే కావడి వస్తోందని, లోయ వైపు కాకుండా కొండ వైపు ఒదిగి దారి ఇవ్వాలని ఆమెకు ముందే చెప్పి ఉంచండి.